చిన్నపేగులో బాక్టీరియా హద్దు మీరితే: గుర్తించడం, తగ్గించుకోవడం, తిరగబెట్టకుండా చూసుకోవడం

మన ఇళ్లలో కడుపుకు వచ్చే బాధల్లో చాలావాటికి "గ్యాస్" అన్న ఒక్క పేరే ఉంది. ఛాతీలో మంట పుట్టినా గ్యాసే, తిన్న గంటకు పొట్ట డప్పులా ఉబ్బినా గ్యాసే, వీపులో పట్టేసినా గ్యాసే. పేరు ఒక్కటే కావడంతో మందు కూడా ఒక్కటే అయిపోయింది. పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకోవడం, అది చాలకపోతే మెడికల్ షాపులో అడిగి మరొకటి తెచ్చుకోవడం ఏళ్ల తరబడి సాగుతూ ఉంటుంది. ఈ బాధల్లో కొన్నిటి వెనుక చిన్నపేగులో బాక్టీరియా హద్దు మీరి పెరగడం అనే సమస్య ఉంటుంది. వైద్యులు దీనిని పొట్టిగా "సిబో" అంటారు. దీనిని గుర్తించే పద్ధతి ఉంది, తగ్గించే మందూ ఉంది. కానీ ఇది సాధారణంగా తనంతట తాను పుట్టే జబ్బు కాదు, మరో లోపం వెంట వచ్చేది. ఆ లోపమేమిటో తేల్చుకోకుండా మందు మాత్రమే మింగినవారికి బాధ మళ్లీ మొదలవడం మామూలు. అందుకే ఇక్కడ మందుల కంటే కారణాల వెతుకులాటకు, పరీక్షకు సిద్ధమయ్యే తీరుకు, తిండికి ఎక్కువ చోటు ఇచ్చాను. మోతాదుల వివరాలు వైద్యులు రాసిచ్చిన చీటీని అర్థం చేసుకోవడానికే తప్ప సొంతంగా మందులు కొనుక్కోవడానికి కాదు.

పేగులో అసలు ఏం జరుగుతుంది

చిన్నపేగు పొడవు సుమారు 6 మీటర్లు. తిన్న అన్నంలోని సారమంతా రక్తంలోకి చేరేది ఇక్కడే. పెద్దపేగులో ఒక్కో మిల్లీలీటరుకు పదివేల కోట్లకు పైగా సూక్ష్మజీవులు ఉంటే, చిన్నపేగు పైభాగంలో మామూలుగా వెయ్యికి మించవు. ఇంత తేడా ఊరికే రాలేదు. జఠరంలోని ఆమ్లం నోటి ద్వారా వచ్చే క్రిములను చంపుతుంది. పైత్యరసం, క్లోమరసం మిగిలినవాటిని అదుపు చేస్తాయి. చిన్నపేగు పెద్దపేగుతో కలిసేచోట ఉండే కవాటం కిందివాటిని పైకి రానివ్వదు. వీటన్నిటికంటే ముఖ్యమైనది పేగు తనను తాను ఊడ్చుకోవడం: కడుపు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 90 నుంచి 120 నిమిషాలకు ఒకసారి జఠరం నుంచి చిన్నపేగు చివరిదాకా ఒక బలమైన కదలిక అలలా సాగి, మిగిలిన తిండి తునకలను, బాక్టీరియాను పెద్దపేగులోకి నెట్టేస్తుంది. మనం ఏదైనా తినగానే ఈ ఊడుపు ఆగిపోతుంది.

ఈ కాపలాల్లో ఏ ఒక్కటి బలహీనపడినా బాక్టీరియా చిన్నపేగులోనే కాపురం పెడతాయి. మనకు చేరవలసిన పిండిపదార్థాలను అక్కడే పులియబెట్టి హైడ్రోజన్ వంటి వాయువులను పుట్టిస్తాయి. పైత్యరసాన్ని విరిచేయడం వల్ల కొవ్వు అరగదు. విటమిన్ బి12ను మనకంటే ముందు అవే తినేస్తాయి.

మొదటి మెట్టు: రెండు వారాల లెక్క

తిన్న తరువాత ఉబ్బరం, తేన్పులు, కడుపులో గుడగుడలు, పలుచని విరేచనాలు, కొందరిలో అందుకు భిన్నంగా మొండి మలబద్ధకం, నొప్పి, నీరసం ఇందులో కనిపించే లక్షణాలు. సమస్య ముదిరితే బరువు తగ్గడం, మలం జిడ్డుగా తేలుతూ ఎంత నీళ్లు పోసినా బేసిన్‌ను వదలకపోవడం కూడా ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటీ ఈ జబ్బుకే ప్రత్యేకం కాదు కాబట్టి లక్షణాలను బట్టి మాత్రమే నిర్ధారణ చేయడం కుదరదు.

అయినా లక్షణాల లెక్క వైద్యునికి ఎంతో ఉపయోగపడుతుంది. "ఏం తిన్నా ఉబ్బుతోందండీ" అన్న మాటతో ఆయనకు ఏమీ తెలియదు. ఒక చిన్న నోటు పుస్తకంలో ఇలా రాయండి: "ఉదయం 8 గంటలకు రెండు చపాతీలు, బంగాళదుంప ఉల్లిపాయ కూర, పాలు కలిపిన టీ. 9 గంటలకు బొడ్డు పైన ఉబ్బరం మొదలు. 11 గంటలకు పలుచని విరేచనం. మధ్యాహ్నం 1 గంటకు అన్నం, సాంబారు, పెరుగు. 2 గంటలకు చీర కుచ్చిళ్లు వదులు చేసుకోవలసి వచ్చింది." తిన్న తరువాత ఎంతసేపటికి బాధ మొదలైంది, ఏ రకం తిండితో ఎక్కువైంది, ఏ మందులు వాడుతున్నారు అన్నవి రెండు వారాల పాటు రాస్తే చాలు. పాలు తాగిన రోజునే బాధ వస్తోందని తేలితే అది పాలలోని లాక్టోజ్ పడకపోవడం కావచ్చు. దక్షిణ భారతంలో పెద్దవారిలో చాలామందికి ఈ ఇబ్బంది ఉంది, దానికి యాంటీబయాటిక్ అవసరమే లేదు.

రెండో మెట్టు: ముందుగా తోసిపుచ్చవలసినవి

ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, మలంలో రక్తం, సాయంత్రపు జ్వరం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, పదేపదే వాంతులు, రక్తహీనత, 45 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన కడుపు బాధ, కుటుంబంలో పేగు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏ ఒక్కటున్నా సిబో గురించి ఆలోచించడం పక్కనపెట్టి నేరుగా గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవాలి. మన దేశంలో పేగుల క్షయను ఎప్పుడూ మరచిపోకూడదు. అది పేగును ఇరుకు చేసి, ఆ ఇరుకు వెనుక బాక్టీరియా పెరగడానికి కూడా కారణమవుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ తరగతి యాంటీబయాటిక్‌లు క్షయ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి కాబట్టి, వాటిని షాపులో కొని వాడితే జబ్బు తాత్కాలికంగా తగ్గినట్టు కనిపించి, అసలు నిర్ధారణ నెలల తరబడి వెనక్కి పోతుంది. విరేచనాలు తగ్గించే మాత్రలు చీటీ లేకుండా కొనవద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదే ప్రధాన కారణం.

జియార్డియా అనే పరాన్నజీవి, థైరాయిడ్ లోపాలు, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు, క్లోమం సరిగా పనిచేయకపోవడం కూడా ఇవే లక్షణాలతో వస్తాయి. మలపరీక్ష, రక్తపరీక్షలతో వీటిని చాలావరకు తేల్చవచ్చు. మన ప్రాంతానికి దగ్గరి సంబంధమున్న మరొకటి ఉష్ణమండల స్ప్రూ, అంటే చిన్నపేగు తిండిలోని సారాన్ని ఇంకించుకోలేని జబ్బు. వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 1960ల నుంచి దీనిని లోతుగా పరిశీలించారు. దీనికి ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ నెలల తరబడి వాడవలసి వస్తుంది.

మూడో మెట్టు: కారణం ఎక్కడుంది

వైద్యుని దగ్గరకు వెళ్లేముందు ఇంట్లోనే కూర్చుని మీ ఆరోగ్య చరిత్రను తేదీలతో సహా రాసుకోండి. అందులో మొదటి ప్రశ్న మధుమేహం. పది, పదిహేనేళ్లుగా షుగరు అదుపులో లేనివారిలో పాదాల నరాలు దెబ్బతిన్నట్టే పేగును కదిలించే నరాలూ దెబ్బతింటాయి, ఊడుపు మందగిస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ తనంతట తానే ఉబ్బరాన్ని, విరేచనాలను తెస్తుంది, బి12ను కూడా తగ్గిస్తుంది. కాబట్టి ఆ మాత్ర మొదలుపెట్టిన నెల, మోతాదు పెంచిన నెల, బాధ మొదలైన నెల పక్కపక్కన రాసి చూడాలి. కొందరికి మాత్ర రకాన్ని మార్చడంతోనే ఊరట దొరుకుతుంది.

రెండోది ఆపరేషన్లు. ఆమ్లాన్ని తగ్గించే గట్టి మందులు రాకముందు అల్సర్‌కు జఠరాన్ని పేగుతో కలిపి కుట్టే ఆపరేషన్ చేసేవారు. ఆనాడు అది చేయించుకున్న పెద్దలు ఇప్పటికీ మన ఇళ్లలో ఉన్నారు, పొట్ట మీది పాత గాటును వారు ప్రస్తావించడం కూడా మరచిపోతారు. అలాంటి ఆపరేషన్‌లో పేగు కొంత భాగం పక్కదారిగా మిగిలిపోతుంది, తిండి ప్రవాహం తగలని ఆ మూలలో బాక్టీరియా నిలవ ఉంటాయి. ఇటీవల బరువు తగ్గడానికి చేయించుకునే బైపాస్ ఆపరేషన్లలోనూ ఈ ప్రమాదం ఉంది. కడుపులో ఏ ఆపరేషన్ జరిగినా లోపల అతుకులు ఏర్పడి పేగు మడత పడవచ్చు.

మూడోది రోజూ వేసుకునే మాత్రలు. పాంటోప్రజోల్, ఒమిప్రజోల్, రాబిప్రజోల్ వంటివి జఠరామ్లాన్ని బాగా తగ్గిస్తాయి. అవసరమున్నవారికి అవి ప్రాణరక్షక ఔషధాలే, కానీ నాలుగు వారాలకని రాసిచ్చిన మాత్రను ఎనిమిదేళ్లు వేసుకున్నప్పుడు మొదటి కాపలాదారును మనమే పంపించివేసినట్టు అవుతుంది. గుండెకు ఆస్పిరిన్ వంటి మందులు వాడుతున్నవారికి జఠరానికి రక్షణగా ఈ మాత్ర ఇస్తారు కాబట్టి ఎవరూ సొంతంగా ఆపకూడదు, "ఇది నాకు ఇంకా అవసరమా" అని అడగాలి. నొప్పులకు వాడే ట్రమడాల్ వంటి మందులు కూడా పేగు కదలికను నెమ్మది చేస్తాయి.

ఇవిగాక పేగు గోడలు దీర్ఘకాలం వాచే క్రోన్స్ జబ్బు, దీర్ఘకాలిక క్లోమ వాపు, కాలేయం గట్టిపడటం, చర్మాన్ని బిగువు చేసే స్క్లెరోడెర్మా, థైరాయిడ్ మందగించడం కారణాలు కావచ్చు. కొందరిలో ఒకసారి తీవ్రంగా వచ్చిన కలుషితాహార విరేచనాల తరువాత పేగు నరాలు మునుపటిలా పనిచేయవు. "ఫలానా పెళ్లి భోజనం తరువాత నుంచి నా కడుపు బాగుపడలేదు" అనేవారి మాటను తేలిగ్గా తీసుకోకూడదు.

నాలుగో మెట్టు: శ్వాస పరీక్ష

ఎండోస్కోపీ ద్వారా చిన్నపేగు ద్రవాన్ని తీసి బాక్టీరియాను లెక్కించడం నేరు పద్ధతి. మిల్లీలీటరుకు లక్ష ఉండాలని పూర్వం అనేవారు, ఇప్పుడు వెయ్యి దాటితే చాలంటున్నారు. అది శ్రమతో కూడినది కావడంతో ఎక్కువగా చేసేది శ్వాస పరీక్ష. మన శరీర కణాలు హైడ్రోజన్‌ను తయారుచేయలేవు, సూక్ష్మజీవులే చేయగలవు. పేగులో పుట్టిన ఆ వాయువు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల ద్వారా బయటికి వస్తుంది, ఆ ఊపిరిని యంత్రం కొలుస్తుంది.

ఈ పరీక్ష తప్పడానికి సిద్ధపాటు లోపమే తరచూ కారణం. నాలుగు వారాల ముందు నుంచి యాంటీబయాటిక్ వాడి ఉండకూడదు. విరేచనకారి మందులను, పేగు కదలికను పెంచే మందులను కనీసం వారం ముందు ఆపాలి. కాలేయ జబ్బుకు లాక్టులోజ్ సిరప్ తాగుతున్నవారు మాత్రం వైద్యుని అడగకుండా ఆపకూడదు. ముందురోజు పాలు, పెరుగు, పప్పులు, గోధుమ, కూరగాయలు, పండ్లు ఏవీ వద్దు. తెల్ల అన్నంలో ఉప్పు, ఉడికించిన గుడ్డు లేదా ఉల్లి, వెల్లుల్లి వేయని చికెన్, చేప ముక్క, పాలు లేని కాఫీ, ఇంతే. మన భోజనానికి ఇది కష్టమైన రోజే, ముఖ్యంగా శాకాహారులకు. అయినా ఒక్క గరిటె పప్పు ఫలితాన్ని తారుమారు చేయగలదు. రాత్రి 8 గంటలకు భోజనం ముగించి, తరువాత మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా ఉదయం శుభ్రంగా పళ్లు తోముకుని వెళ్లాలి. సిగరెట్, వ్యాయామం ఆ ఉదయం పనికిరావు.

అక్కడ మొదట ఒకసారి ఊదిస్తారు. తరువాత 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు ఇస్తారు; గర్భిణులకు షుగరు పరీక్షలో ఇచ్చేదీ ఇంతే కాబట్టి, మధుమేహం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పి ఉంచాలి. దీనికి బదులు 10 గ్రాముల లాక్టులోజ్ అనే అరగని చక్కెర కూడా ఇస్తారు. ఆపై 15 లేదా 20 నిమిషాలకొకసారి రెండు మూడు గంటలపాటు ఊదిస్తూ ఉంటారు. మధ్యలో నిద్రపోకూడదు, కాబట్టి తోడుగా ఎవరినైనా తీసుకువెళ్లండి.

మొదటి 90 నిమిషాల లోపు హైడ్రోజన్ ప్రారంభ కొలత కంటే పదిలక్షకు 20 భాగాలు పెరిగితే పరీక్ష పాజిటివ్. మీథేన్ ఏ సమయంలోనైనా 10 భాగాలు తాకితే పేగులో మీథేన్ పుట్టించే జీవులు పెరిగాయని అర్థం. ఇవి నిజానికి బాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే తెగ. హైడ్రోజన్‌ను తినేసి మీథేన్‌గా మారుస్తాయి, మలబద్ధకంతో వీటికి సంబంధముంది. అందుకని రెండు వాయువులనూ కొలిచే చోటికే వెళ్లడం మంచిది.

గ్లూకోజ్ పైభాగంలోనే ఇంకిపోతుంది కాబట్టి కిందిభాగంలోని పెరుగుదల తప్పిపోవచ్చు. లాక్టులోజ్ ఇంకకుండా చివరిదాకా వెళుతుంది, పేగు కదలిక వేగంగా ఉన్నవారిలో 90 నిమిషాల లోపే పెద్దపేగుకు చేరి లేని జబ్బును ఉన్నట్టు చూపవచ్చు. రిపోర్టును చరిత్రతో కలిపి చదవాలి, కాగితం మీది పాజిటివ్‌కు మాత్రమే మందు వేయకూడదు.

ఐదో మెట్టు: మందులు

ఎక్కువగా వాడేది రిఫాక్సిమిన్. సాధారణంగా 550 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు, 14 రోజులు. ఇది రక్తంలోకి దాదాపుగా ఇంకదు, పేగులోనే పనిచేస్తుంది, అందుకే దుష్ప్రభావాలు తక్కువ. క్షయకు వాడే రిఫాంపిసిన్ కుటుంబానికే చెందింది కనుక, క్షయ అనుమానం తీరాకే మొదలుపెట్టడం క్షేమం. మీథేన్ రకంలో దీనితోపాటు నియోమైసిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు కలుపుతారు. నియోమైసిన్ వినికిడిని, మూత్రపిండాలను దెబ్బతీయగలదు కాబట్టి ముందే ఆ సమస్యలు ఉన్నవారు చెప్పాలి. డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, అమాక్సిసిలిన్ క్లావులనేట్ కూడా పరిస్థితిని బట్టి ఇస్తారు. మెట్రోనిడజోల్ ఎక్కువకాలం వాడితే కాళ్లు చేతులు మొద్దుబారవచ్చు.

మూడో రోజుకే ఉబ్బరం తగ్గిందని మాత్రలు ఆపేయవద్దు. రెండు వారాలు పూర్తయ్యాక మునుపటి నోటు పుస్తకంలోనే మళ్లీ ఒక వారం రాయండి, పాత పేజీతో పోల్చండి. ఏమాత్రం తేడా లేకపోతే మరో యాంటీబయాటిక్ అడగడానికి ముందు అసలు నిర్ధారణ సరైనదేనా అని అడగడం న్యాయం.

ఆరో మెట్టు: వంటింట్లో మార్పులు

తిండి మార్పు బాధను తగ్గిస్తుంది, బాక్టీరియాను మాత్రం పూర్తిగా తొలగించదు. సులభంగా పులిసే పిండిపదార్థాలను తగ్గించే పద్ధతిని ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించారు. మన వంటలో అలాంటివి ఉల్లి, వెల్లుల్లి, కందిపప్పు, శనగలు, రాజ్మా, అలసందలు, గోధుమ, పాలు, మామిడి, పనస, సీతాఫలం, పుచ్చకాయ, జీడిపప్పు, తేనె. వరి అన్నం, జొన్నరొట్టె, బంగాళదుంప, క్యారెట్, టమాటా, దోసకాయ, మితంగా వంకాయ, బెండకాయ, గుడ్లు, చేపలు, కమలా, బొప్పాయి చాలామందికి సరిపడతాయి.

ఉల్లి, వెల్లుల్లి లేని కూర ఎలా తినడమని దిగులుపడనక్కర్లేదు. వెల్లుల్లిలో బాధపెట్టే ఫ్రుక్టాన్లు అనే పిండిపదార్థాలు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. నూనె కాగాక నాలుగు రెబ్బలను చితక్కొట్టకుండా వేసి, అంచులు ఎర్రబడగానే గరిటెతో తీసేసి, అదే నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేస్తే వాసన నిలుస్తుంది, బాధ ఉండదు. అదే సూత్రం ప్రకారం సాంబారులో ఉడికిన ఉల్లిపాయలను ఏరి పక్కన పెట్టడం వల్ల లాభం లేదు, వాటి సారం అప్పటికే పులుసులో కలిసిపోయి ఉంటుంది. ఇంగువ పోపు నిశ్చింతగా వేసుకోవచ్చు. పొడి ఇంగువలో తరచూ మైదా కలుస్తుంది కాబట్టి సీలియాక్ ఉన్నవారు మాత్రం చూసి కొనాలి. పప్పు మానలేనివారు నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించి, కొద్దిగా మాత్రమే తినాలి.

ఈ కట్టడి రెండు నుంచి ఆరు వారాలకే. తరువాత ఒక్కొక్క పదార్థాన్ని మూడేసి రోజులు తిని చూస్తూ వెనక్కి తెచ్చుకోవాలి. పప్పులూ పండ్లూ ఏడాదిపాటు మానేస్తే మాంసకృత్తులు తగ్గి పెద్దపేగుకు మేలు చేసే బాక్టీరియా కూడా ఆకలితో అలమటిస్తాయి. ఇప్పటికే బక్కచిక్కినవారు, గర్భిణులు, పిల్లలు డైటీషియన్ సలహా లేకుండా ఈ పద్ధతిని పాటించకూడదు.

భోజనాల మధ్య నాలుగైదు గంటల విరామం ఇవ్వడం కూడా మంచిది. దీనిని నేరుగా రుజువు చేసే ఆధారం బలంగా లేకపోయినా, పేగు ఊడుపు కడుపు ఖాళీగా ఉన్నప్పుడే సాగుతుందన్నది తెలిసిన సంగతి. పది గంటలకు టీ బిస్కెట్లు, పన్నెండుకు ఒక పండు, నాలుగింటికి మురుకులు తింటూ ఉంటే ఆ అవకాశమే రాదు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడేవారు మాత్రం షుగరు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి వైద్యుని అడిగే ఈ మార్పు చేయాలి.

ఏడో మెట్టు: పోయినదాన్ని పూరించడం

మా పెద్దమ్మకు పాదాల్లో తిమ్మిర్లు, మంటలు ఉండేవి. ఇరవై ఏళ్ల షుగరు కాబట్టి అది షుగరు నరాల జబ్బేనని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. కడుపు ఉబ్బరానికి కారణం వెతుకుతూ చేయించిన రక్తపరీక్షలో బి12 బాగా తక్కువగా ఉందని తేలింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన కొన్ని నెలలకు మంటలు కొంత తగ్గాయి, కొంత అలాగే ఉండిపోయాయి. నరాలకు జరిగిన నష్టం ఆలస్యమైతే పూర్తిగా వెనక్కి రాదని అప్పుడు అర్థమైంది. కడుపు బాధతో పాటు తిమ్మిర్లు ఉంటే బి12 పరీక్ష ఆ వారమే చేయించాలని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

ఈ జబ్బులో బి12 తగ్గినా ఫోలేట్ అనే మరో బి విటమిన్ (ఫోలిక్ ఆమ్లం మాత్రలుగా ఇచ్చేది ఇదే) మామూలుగానో ఎక్కువగానో ఉండవచ్చు, ఎందుకంటే బాక్టీరియా ఫోలేట్‌ను తామే తయారుచేస్తాయి. బి12 లోటు ఉండగా ఫోలిక్ ఆమ్లం మాత్రలు మాత్రమే వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపించి నరాల నష్టం లోలోపల సాగిపోతుంది. ఇనుము, విటమిన్ డి కూడా చూపించుకోవాలి. మలం జిడ్డుగా పోయేవారిలో ఎ, ఇ విటమిన్లు కూడా తగ్గవచ్చు.

ఎనిమిదో మెట్టు: తిరగబెట్టినప్పుడు

ఇటలీలో జరిగి 2008లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, రిఫాక్సిమిన్‌తో నయమైన 80 మందిలో మూడు నెలలకు 12.6 శాతం మందికి, ఆరు నెలలకు 27.5 శాతం మందికి, తొమ్మిది నెలలకు 43.7 శాతం మందికి పరీక్ష మళ్లీ పాజిటివ్ అయింది. వయసు పైబడినవారిలో, అపెండిక్స్ తీయించుకున్నవారిలో, ఆమ్లం తగ్గించే మాత్రలు ఏళ్ల తరబడి వాడినవారిలో ఇది ఎక్కువ.

కాబట్టి మళ్లీ ఉబ్బరం మొదలైతే పాత చీటీతో నేరుగా షాపుకు వెళ్లకండి. మూడో మెట్టులో రాసుకున్న జాబితాను తీసి, అందులో ఏది సరిచేశారో, ఏది అలాగే మిగిలిపోయిందో చూడండి. షుగరు మూడు నెలల సగటు ఎంత ఉంది, గ్యాస్ మాత్ర అవసరాన్ని తిరిగి చూశారా, థైరాయిడ్ మోతాదు సరిపోయిందా, పేగులో ఇరుకు ఉందేమో స్కాన్ చేశారా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. పేగు కదలిక మందగించినవారికి రాత్రి పడుకునేముందు ప్రుకలోప్రైడ్ గానీ, అతి తక్కువ మోతాదులో ఎరిత్రోమైసిన్ గానీ ఇస్తారు. ఎరిత్రోమైసిన్ గుండె లయను మార్చగలదు, ఇతర మందులతో తగువు పెట్టుకుంటుంది కనుక గుండె జబ్బు మందుల వివరాలన్నీ వైద్యుని ముందు ఉంచాలి. స్క్లెరోడెర్మా వంటి, సరిచేయడానికి వీలులేని కారణమున్నవారికి ఏడాదిలో పలుమార్లు యాంటీబయాటిక్‌లను మార్చి మార్చి ఇవ్వవలసి రావచ్చు. అలాంటివారు ప్రతిసారీ ఏ మందు, ఎన్ని రోజులు, ఎంత ఊరట, ఎన్నాళ్లకు తిరగబెట్టింది అన్న నాలుగు గడుల పట్టిక రాసి ఉంచుకుంటే, తరువాతి మందును ఎంచడానికి వైద్యునికి అదే ఆధారమవుతుంది.